నాన్న కుట్టిన డయానా గౌను

పోయిన వారం మధ్యాహ్నం పూట ఒకమ్మాయి పెద్ద సంచి పట్టుకుని మా షాపు మెట్లెక్కింది. సంచిలో పాత చీరతో కట్టిన మూట. ముడి విప్పగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. దాని అడుగున ఇంకో వాసన, చాలా సన్నగా. గంజి పెట్టిన బట్ట మీద తడిగుడ్డ పరిచి, బొగ్గుల ఇస్త్రీపెట్టె ఆనిస్తే పైకి లేస్తుందే ఆవిరి, ఆ వాసన. ఇన్నేళ్ల తర్వాత అది నిజంగా ఆ బట్టలో మిగిలి ఉందో, నా ముక్కే గుర్తు చేసుకుందో చెప్పలేను.

"మా అమ్మ పెళ్లి గౌను, ఆంటీ. నా పెళ్లికి దీన్నే మార్చి కుట్టాలి. ఈ చేతులు తీసేసి, ఇదిగో, ఇలా సాదాగా రావాలి" అంటూ ఫోన్‌లో ఇంగ్లండ్ రాకుమారుడు హ్యారీని చేసుకున్న మేగన్ మార్కల్ పెళ్లి ఫొటో చూపించింది.

నా కళ్లు ఫోన్ మీదికి పోలేదు. గౌను చేతుల మీదే ఉన్నాయి. బుట్ట చేతులు. ఒక్కోటి చిన్న గుమ్మడికాయంత. అంచు తిరగేసి చూశాను. లోపలి చేతికుట్టు కుడి నుంచి ఎడమకి వాలి ఉంది. మా నాన్నది ఎడమచేతి వాటం. ఆయన హెమ్మింగ్ ఎప్పుడూ అందరికీ వాలే వైపు కాకుండా ఇంకో వైపుకి వాలేది.

ఆ అమ్మాయికి కొలతలు తీసి పంపించాను. ఆ సాయంత్రం మిషన్ ఎక్కలేదు.

* * *

సికింద్రాబాద్ జనరల్ బజార్ వెనకాల గల్లీలో మా నాన్నకి ఒక గది షాపు ఉండేది. రోడ్డు మీద రెండు మిషన్లు, లోపల కటింగ్ బల్ల, పైన అటక. అటక మీదే నేను హోంవర్క్ చేసుకునేదాన్ని. మిషన్ల తొక్కుడు చప్పుడు పగలంతా కింద నడుస్తుంటే, అది ఆగినప్పుడే నాకు ఏదో వినిపించినట్టయ్యేది.

మామూలు రోజుల్లో జాకెట్లు, లంగాలు, స్కూలు యూనిఫాంలు. లాలాగూడ రైల్వే క్వార్టర్ల నుంచి ఆంగ్లో ఇండియన్ కుటుంబాలవాళ్లు వస్తే మాత్రం ఫ్రాకులు, స్కర్టులు, ఏడాదికి నాలుగైదు పెళ్లి గౌన్లు. మా చుట్టాల్లో పెళ్లికూతుళ్లందరూ తెల్ల పట్టుచీర కట్టుకుని తల మీద నెట్టు వెయిల్ వేసుకునేవారు. గౌను అంటే నాకు లాలాగూడే.

గౌను కోసే రోజుని నాన్న 'తెల్లబట్ట రోజు' అనేవాడు. ఆ రోజు షాపు కడిగేవాళ్లు. నేల మీద పేపర్లు, వాటి మీద ఉతికిన పంచె పరిచేవాళ్లు. కుర్రాళ్లు టీ తాగాలంటే గల్లీ చివరికి పోవాల్సిందే. అరగంటకోసారి సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మిషన్‌కి నూనె ముందు రోజే వేసి, గుడ్డ పీలికల మీద పది నిమిషాలు తొక్కి నూనె మరకలన్నీ పోగొట్టాలి. సూది గుచ్చుకుని బట్ట మీద రక్తపు చుక్క పడితే నీళ్లు పెట్టనిచ్చేవాడు కాదు. ఎవరి రక్తమో వాళ్ల ఉమ్మితోనే, తెల్లదారం ముక్కని తడిపి అద్దాలి. మరక దారంలోకి వచ్చేసేది. ఈ రోజుకీ నేను అదే చేస్తాను.

* * *

నాన్నకి పని నేర్పింది ఒక ఉస్తాద్. నేనెరిగేసరికే ఆయనకి చూపు ఆనడం లేదు, అయినా రోజూ వచ్చి షాపు ముందు స్టూలు మీద కూర్చునేవాడు. బట్టని రెండు వేళ్ల మధ్య నలిపి, రకం చెప్పేసేవాడు. వయసులో ఉండగా కంటోన్మెంట్‌లో దొరసానులకి కుట్టినవాడు. నేను ఆయన్ని సాబ్ తాతా అని పిలిచేదాన్ని.

రాణుల పెళ్లిబట్టల కథలు మొదట విన్నది ఆయన దగ్గరే. 1947 నవంబరులో ఎలిజబెత్ రాకుమారి పెళ్లి జరిగినప్పుడు ఇంగ్లండ్‌లో బట్ట రేషనట. రాజు కూతురైనా కూపన్లు పెట్టే బట్ట తీసుకోవాలి. దేశంలో ఆడపిల్లలు ఎంతోమంది తమ కూపన్లు ఆమెకి పోస్టులో పంపితే, ఒకరి కూపన్ ఇంకొకరు వాడకూడదని అన్నీ తిప్పి పంపేశారట. ప్రభుత్వమే కొన్ని కూపన్లు అదనంగా ఇచ్చింది. నార్మన్ హార్ట్‌నెల్ అనే దర్జీ ఆ గౌను మీద 10 వేల చిన్న ముత్యాలు కుట్టించాడు. ఎవరూ తొంగి చూడకుండా కిటికీలకి సున్నం పూయించాడని చెబుతూ, సాబ్ తాత గొంతు కూడా తగ్గించేవాడు, ఆ రహస్యం ఇప్పటికీ దాచాలన్నట్టు.

"ఆ పెళ్లికి మన నిజాం ప్రభువు పంపిన నగ ఏంటో తెలుసా?" అని నన్నడిగేవాడు. వంద సార్లు విన్నా తెలీదని తల ఊపేదాన్ని. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కార్టియే నగల కంపెనీకి కబురు పెట్టాడు, పెళ్లికూతురు వచ్చి తనకి నచ్చింది ఎంచుకోవచ్చని. ఆమె వజ్రాల కిరీటం, ఒక హారం ఎంచుకుంది. కిరీటాన్ని 1973లో విప్పించి, ఆ వజ్రాలతో కెంపుల కిరీటం చేయించుకున్నారు. హారం మాత్రం మిగిలింది. 2014లో ఎలిజబెత్ మనవడు విలియం భార్య కేట్ మిడిల్టన్ లండన్‌లో ఒక విందుకి ఆ హారం వేసుకుని వస్తే పేపర్లో ఫొటో చూశాను. కింద 'నిజాం ఆఫ్ హైదరాబాద్ నెక్లెస్' అని రాసి ఉంది. సాబ్ తాత బతికి ఉంటే ఫొటోని చేత్తో తడిమేవాడు.

ఆ పెళ్లికే గాంధీగారు తన చేత్తో వడికిన నూలుతో అల్లించిన ఒక లేసు గుడ్డ పంపారు. మధ్యలో 'జైహింద్' అని అల్లిక. అమ్మకి నచ్చిన కథ ఇదొక్కటే. వజ్రాల సంగతి చెప్పేటప్పుడు వంటింట్లో ఉండేది, లేసు గుడ్డ దగ్గరికి వచ్చేసరికి గుమ్మంలోకి వచ్చి నిలబడేది.

* * *

1981 జూలై 29న ఎలిజబెత్ కొడుకు చార్లెస్‌తో డయానా పెళ్లి జరిగింది. మాకు తెలిసింది పేపర్లో నలుపు తెలుపు ఫొటోతోనే. నాలుగు వారాల తర్వాత కాబోలు, నాన్న ఆబిడ్స్ ఆదివారం పాత పుస్తకాల బజారులో రంగుల ఇంగ్లీషు మ్యాగజైన్ ఒకటి సంపాదించాడు. లాలాగూడలో ఉండే టీచరమ్మ మా షాపుకి వస్తే కుర్చీ వేసి, ఫొటో కింద ఉన్నదంతా చదివించుకున్నాడు. ఆవిడ ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెబుతుంటే, నాన్న కటింగ్ బల్ల మీద సుద్దతో అంకెలు రాసుకున్నాడు.

దంత వర్ణం పట్టు టాఫెటా, అంటే బిరుసుగా ఉండే పట్టుబట్ట. ఎంత పాత లేసో చూడండి, మేరీ రాణిగారిదట, ఐర్లండ్‌లో కారిక్‌మాక్రాస్ అనే ఊరి పని. 10 వేల ముత్యాలు. కుట్టింది డేవిడ్, ఎలిజబెత్ ఎమాన్యుయెల్ అనే కుర్ర జంట. విలేకరులు చెత్తబుట్టలు వెతుకుతున్నారని, గౌనుకి సంబంధం లేని రంగుల దారాలు కావాలని ఆ బుట్టల్లో పడేసేవారట. వెనకాల జీరాడే ట్రెయిన్ 25 అడుగులు.

నాన్న ఆ అంకె దగ్గర ఆగిపోయాడు. టేపు 60 అంగుళాలు, అంటే 5 అడుగులు. నన్నూ, కాజాలు తీసే కుర్రాణ్ణీ తీసుకుని గల్లీలోకి నడిచాడు. మా మెట్టు దగ్గర నేను టేపు కొస పట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు. నాలుగో టేపు కిరాణా కొట్టు దాటింది. ఐదోది బోరింగు దగ్గర తేలింది. నాన్న బోరింగు పక్కన నిలబడి నా వైపు చూశాడు. నేను చాలా చిన్నగా కనబడి ఉంటాను. "ఇంత బట్ట ఈడ్చుకుంటూ ఆ పిల్ల ఎలా నడిచిందో" అన్నాడు. ముందు ఆయనకి ఆ పిల్ల మీద జాలి కలిగింది. తర్వాతే బట్ట సంగతి.

ఇంకోటి కూడా ఆయన కంటపడింది. ఫొటోలో గౌను నలిగిపోయి ఉంది. గాజు బగ్గీలో అంత బట్టని కుక్కేసరికి టాఫెటా ముడతలు పడింది. చర్చి మెట్ల దగ్గర ఆ దర్జీలిద్దరూ వంగి, లాగి, సర్దారట. లోకమంతా పెళ్లికూతుర్ని చూస్తుంటే నాన్న వేలు పెట్టి మాకు చూపించింది ముడతల్ని. "టాఫెటా మడత గుర్తుపెట్టుకుంటుంది. శాటిన్ మర్చిపోతుంది" అని చెప్పాడు. మొదటిసారి ఒక బట్టకి జ్ఞాపకం ఉంటుందని విన్నది అప్పుడే.

ఆ ఫొటో షాపులో అద్దం పక్కన అంటించాడు.

* * *

లండన్‌లో పెళ్లైన కొన్ని గంటలకే నకలు గౌను షాపు అద్దాల్లోకి వచ్చేసిందని తర్వాత విన్నాం. మా గల్లీకి రావడానికి ఏడాదిన్నర పట్టింది. రైల్వే గార్డుగారమ్మాయి, నర్సుగా పనిచేస్తుండేది, వాళ్ల అమ్మతో వచ్చి నేరుగా అద్దం పక్కకి నడిచింది. ఫొటో మీద వేలు పెట్టి, "మాస్టరు గారూ, ఇదే" అంది.

నాన్న కాదనలేదు. ఆయన ఎవరికీ కాదని చెప్పగా నేను వినలేదు. ప్రశ్నలు వేసేవాడు. "పెళ్లి ఎప్పుడమ్మా?" మే నెల. "చర్చికి దేంట్లో వెళ్తారు?" ఆటోలో. "ఫాదరుగారి ముందు మోకరించాక లేవగలవా ఇంత బట్టతో?" ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి తనే అంది, "మరి మీరే చెప్పండి."

25 అడుగుల ట్రెయిన్ 6 అడుగులైంది. అంచులోపల వేలికి తగిలించుకునే దారపు కాజా ఒకటి పెట్టాడు, రిసెప్షన్‌లో డాన్స్ చేసేటప్పుడు ట్రెయిన్ పైకెత్తుకోవడానికి. టాఫెటాకి బదులు శాటిన్. లోపల లైనింగ్ పాలిస్టర్ వద్దని మల్‌మల్ వేశాడు, మే నెల చెమటకి ఒంటికి అంటుకోకుండా. ముత్యాలు వేలల్లో ఎక్కడ వస్తాయి, మెడ చుట్టూ రెండు వరసలు. బుట్ట చేతులు మాత్రం తగ్గించలేదు. "ఫొటో చూసి వచ్చింది ఆ చేతుల కోసమే, అవి తగ్గిస్తే ఆ పిల్లకి ఏం మిగులుతుంది?" అని అమ్మతో అనడం అటక మీద నుంచి విన్నాను.

బుట్ట చేతులు మనకి కొత్త కాదు. మా అమ్మమ్మ పాత ఫొటోలో బుట్ట చేతుల జాకెట్‌తోనే ఉంది. కానీ ఇంత పెద్దవి నిలబడాలంటే బట్ట ఒక్కటే చాలదు. నాన్న లోపల గరుకు నెట్టుని కుచ్చులు పోసి, ఒకదాని మీద ఒకటి మూడు వరసలు కుట్టాడు. మొదటి ట్రయల్‌కి చేతులు వాలిపోయాయి. నాలుగో వరస వేశాడు. అప్పుడు లేచి నిలబడ్డాయి. నేను వాటిని వేలితో నొక్కితే మెల్లగా మళ్లీ లేచేవి.

డయానా వెనక నడిచిన ఐదుగురు తోడిపెళ్లికూతుళ్లలో చిన్నదానికి ఐదేళ్లు. తలల్లో పూల కిరీటాలు, నడుముకి బంగారు పసుపు పట్టీలు, కుచ్చుల ఫ్రాకులు. ఆ ఫొటో చూశాక లాలాగూడ పెళ్లిళ్లన్నిట్లోకీ చిన్నపిల్లలు వచ్చేశారు. అంతకు ముందు తోడిపెళ్లికూతురంటే పెళ్లికూతురి స్నేహితురాలో, చెల్లెలో. పిల్లల ఫ్రాకులకి ట్రయల్ వేయించుకునే పని నాది. స్టూలు మీద నిలబెట్టి, కచ్చా కుట్టు వేసిన ఫ్రాకు తొడిగి, నోట్లో గుండుసూదులు పెట్టుకుని నాన్న చుట్టూ తిరిగేవాడు. కదిలితే గుచ్చుకుంటుంది. గౌనులో మిగిలిన శాటిన్‌తో కుట్టిన ఎన్ని ఫ్రాకులు వేసుకుని విప్పేశానో లెక్కలేదు. ఒకటైనా నాకుంచమని అడగలేదు. అడగకూడదని ఎవరూ చెప్పకుండానే తెలిసేది.

* * *

పెళ్లి రోజు నాన్న సూది, దారం, గుండుసూదుల డబ్బా జేబులో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని చర్చికి వెళ్లాడు. కుట్టిన ప్రతి గౌనుకీ వెళ్లేవాడు, లోపలికి మాత్రం అడుగుపెట్టేవాడు కాదు.

ఆటో ఆగింది. పెళ్లికూతురు దిగేసరికి ఎడమ చెయ్యి బుట్ట పూర్తిగా అణిగిపోయి ఉంది. పక్కన కూర్చున్న మేనత్త భుజం ఆనుకుని వచ్చిందట. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాళ్లమ్మకి టెన్షన్‌తో మాట పెగలడం లేదు. నాన్న ఏమీ అనలేదు. ఎదురుగా ఉన్న టీకొట్టుకి నన్ను పరిగెత్తించి, మరుగుతున్న నీళ్ల కెటిల్ తెప్పించాడు. చర్చి పక్క గదిలో ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, చేతి కింద నుంచి ఆవిరి పట్టాడు, బట్టకి తడి తగలకుండా, కెటిల్ మూతి జానెడు దూరంలో ఉంచి. రెండో చేతి వేళ్లు లోపలికి పెట్టి నెట్టు వరసల్ని ఒక్కొక్కటే విడదీశాడు. గుండు మల్లెమొగ్గ విచ్చుకున్నట్టు చెయ్యి లేచింది.

పెళ్లికూతురు లోపలికి నడిచింది. నాన్న మెట్ల మీద వంగి, ట్రెయిన్‌ని రెండు చేతులతో పరిచి వదిలాడు. అది గడప మీదుగా మెల్లగా లోపలికి జారిపోయింది. అప్పుడు నా చెవిలో అన్నాడు, "ఆ లండన్ దర్జీలు కూడా మెట్ల దగ్గరే నిలబడ్డారు కదమ్మా."

* * *

అమ్మది నరసాపురం దగ్గర పల్లె. అక్కడ ఆడవాళ్ల ఒళ్లో ఎప్పుడూ దారపు ఉండ, చేతిలో కొక్కెం సూది. స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు 19వ శతాబ్దంలో నేర్పిన అల్లిక అది, తల్లుల నుంచి కూతుళ్లకి వచ్చింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే అల్లేవాళ్లు, బియ్యం ఏరాక అల్లేవాళ్లు, మాట్లాడుతూనే అల్లేవాళ్లు. వేసవి సెలవులకి వెళ్తే అరుగుల మీద వరసగా కూర్చున్న ఆడవాళ్ల మాటలు, మధ్యమధ్య గాజుల చప్పుడు. కొక్కెం సూదికి చప్పుడుండదు, గాజులకే. ఏజెంటు వచ్చి అల్లిన ముక్కలు లెక్కపెట్టి పట్టుకుపోయేవాడు. వాళ్ల లేసు ఏ దేశంలో ఏ బల్ల మీద పరిచారో వాళ్లకి తెలిసేది కాదు. చేతికొచ్చే డబ్బులు మాత్రం ఎప్పుడూ తక్కువే.

విక్టోరియా రాణి సంగతి టీచరమ్మ చెప్పినప్పుడు అమ్మ మొదటిసారి నోరు విప్పి ప్రశ్న అడిగింది. 1840లో విక్టోరియా తెల్ల శాటిన్ గౌనుతో పెళ్లి చేసుకుంది. అంతకు ముందు తెల్లది ఎవరూ వేసుకోలేదని కాదు, రంగుల బట్టలే ఎక్కువ. ఆమె వేసుకున్నాక తెలుపే పెళ్లి రంగైపోయింది. ఆ గౌను లేసు డెవన్‌లోని బీర్ అనే చిన్న ఊళ్లో 200 మందికి పైగా అల్లారు. మిషన్ లేసు వచ్చి చేతిపనివాళ్ల పొట్ట కొడుతున్న రోజులవి, రాణి తమ లేసు కట్టుకుంటే ఆ పని నిలబడుతుందని. అదంతా విని అమ్మ అడిగింది, "ఆ అల్లినవాళ్లని పెళ్లికి పిలిచారా?"

టీచరమ్మ దగ్గర జవాబు లేదు. నాకూ ఇప్పటిదాకా దొరకలేదు. తెల్లగౌను గురించి ఎంత చదివినా ఆ ప్రశ్నే ముందుకొస్తుంది.

నర్సమ్మాయి గౌను చేతుల అంచుకి లేసు అమ్మే అల్లింది. సన్న దారంతో, మల్లెపూల వరస. అమ్మ కూలి అడగలేదు, నాన్న బిల్లులో రాయలేదు.

* * *

రోజులు మారాయి. లాలాగూడ ఇళ్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఆస్ట్రేలియాకి కొందరు, ఇంగ్లండ్‌కి కొందరు. రెడీమేడ్ గౌన్లు, అద్దె గౌన్లు వచ్చాయి. అద్దం పక్కన ఫొటో రంగు వెలిసి డయానా ముఖం నీలంగా మారింది, అయినా నాన్న తీయలేదు.

1997 ఆగస్టు ఆఖరి ఆదివారం, ఆమె చనిపోయిందని సాయంత్రం తెలిసింది. షాపు సెలవే. నాన్న తాళం తీసి లోపలికి వెళ్లాడు, దీపం వెయ్యలేదు. చాలాసేపటికి బయటికొచ్చి, "చిన్నపిల్ల. ఇరవయ్యేళ్లకి అంత బరువు ఈడ్చింది" అన్నాడు. బోరింగు దగ్గర నిలబడి అన్న మాట నాకు గుర్తొచ్చింది.

* * *

2011 ఏప్రిల్ 29, కేట్ మిడిల్టన్ పెళ్లి. ఈసారి టీవీలో, అదే క్షణంలో. కానీ అప్పటికి నాన్న చూపు సాబ్ తాత చూపులాగే అయిపోయింది. సోఫాలో నా పక్కన కూర్చుని అడుగుతున్నాడు.

"చేతులెలా ఉన్నాయమ్మా?"

"పొడుగు చేతులు నాన్నా, మణికట్టు దాకా. లేసు. లోపల ఒళ్లు కనిపిస్తోంది."

"బుట్ట లేదా?"

"లేదు. ఒంటికి అతికినట్టు ఉన్నాయి."

"మరి మెడ?"

"వి ఆకారంలో."

"గ్రేస్ కెల్లీది ఇలాగే లేసు. దాని మెడ మూసి ఉంటుంది" అన్నాడు. 1956లో హాలీవుడ్ నటి గ్రేస్ మొనాకో రాజుని చేసుకున్న పెళ్లి అది. ఆ ఫొటో ఆయన ఏ పాత మ్యాగజైన్‌లో చూశాడో! చూపు పోయాక కూడా ఆయన లోపల ఆ గౌన్లన్నీ హ్యాంగర్లకి వేలాడుతూనే ఉన్నాయి.

తర్వాత పేపర్లో వచ్చిన వివరాలు ఆయనకి చదివి వినిపించాను. గౌను రూపకల్పన అలెగ్జాండర్ మెక్వీన్ సంస్థలో సారా బర్టన్‌ది. లేసు పని రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్ వాళ్లది, అదే కారిక్‌మాక్రాస్ పద్ధతి. గులాబీ, తిసిల్, డాఫొడిల్, షామ్‌రాక్ పూలు ఒక్కొక్కటీ కత్తిరించి, నెట్టు మీద పరిచి, చేత్తో కుట్టారు. వీపు మీద బట్ట చుట్టిన 58 బొత్తాలు. కుట్టేవాళ్లు అరగంటకోసారి చేతులు కడుక్కునేవారు, మూడు గంటలకోసారి సూదులు మార్చేవారు.

నాన్న చెయ్యెత్తి నన్ను ఆపాడు. "మళ్లీ చదువు."

మళ్లీ చదివాను. అరగంటకోసారి చేతులు కడుక్కునేవారు. ఆయన ముఖంలో అంత తృప్తి నేను ఎప్పుడూ చూడలేదు. "సబ్బుతోనేనా?" అనడిగాడు. సబ్బుతోనే అయి ఉంటుందన్నాను.

ఆ వర్షాకాలానికే షాపుకి లేసు చేతులు వచ్చేశాయి. ఈసారి గౌన్లు కుట్టించుకునే వాళ్ల దగ్గరే ఆగలేదు. పట్టుచీర పెళ్లికూతుళ్లు కూడా రిసెప్షన్ జాకెట్‌కి మోచేతి కింద దాకా నెట్టు చేతులు, దాని మీద పూలు అడిగారు. అది ఎవరి పెళ్లి నుంచి వచ్చిందో వాళ్లకి తెలిసి ఉండకపోవచ్చు, నేను ప్రతిసారీ నాన్నకి చెప్పేదాన్ని. బొత్తాలు చుట్టడం నా చేతికి అప్పుడే వచ్చింది. రూపాయి బిళ్లకన్నా చిన్న గుండ్రం కోసి, అంచు చుట్టూ దారం గుచ్చి, మధ్యలో బొత్తం పెట్టి లాగితే సంచి మూతిలా ముడుచుకుంటుంది. దారం గట్టిగా లాగితే తెగుతుంది, వదులైతే బట్ట ముడత పడుతుంది. ఒక జాకెట్‌కి 12 చుట్టేసరికే చూపుడువేలు ఎర్రబడేది. 58 అంటే ఎన్ని పూటలో.

అదే పెళ్లిలో కేట్ చెల్లెలు పిప్పా తెల్ల గౌనుతోనే తోడిపెళ్లికూతురుగా నడిచింది. అంతకు ముందు మా షాపులో తోడిపెళ్లికూతుళ్లంటే పీచ్, లావెండర్, సముద్రపు ఆకుపచ్చ, ఏదైనా ఒకే రంగు తానులోంచి. ఆ ఏడాది ఒక చెల్లెలు తనకీ తెల్లదే కావాలని పట్టుబట్టింది. వాళ్ల నాయనమ్మ ఒప్పుకోలేదు. "అందరూ తెలుపైతే పెళ్లికూతురు ఎవరో తెలియద్దూ?" అంది. రాజవంశంలో తోడిపెళ్లికూతుళ్లు తెలుపు వేసుకోవడం పాతదే, విక్టోరియా వెనక నడిచిన 12 మందీ తెలుపే, ఎలిజబెత్ వెనక 8 మందీ తెలుపే. ఆ మాట చెబుదామనుకున్నాను. పెద్దావిడ ముఖం చూసి ఊరుకున్నాను. చివరికి చెల్లెలికి మీగడ రంగు వేశాం. నాయనమ్మ మాటలోనూ న్యాయముందని ఇప్పటికీ అనుకుంటాను.

* * *

2018 మేలో మేగన్ పెళ్లి నాటికి నాన్న లేడు. టీవీ ముందు ఒక్కదాన్నే కూర్చున్నాను. లేసు లేదు, ముత్యాల్లేవు. ఒక భుజం నుంచి రెండో భుజానికి గీత గీసినట్టు బోట్ నెక్. 5 మీటర్ల వెయిల్ అంచున 53 కామన్‌వెల్త్ దేశాల పూలు, మన తామర కూడా. జివాన్షీ సంస్థకి క్లేర్ వెయిట్ కెల్లర్ రూపొందించిన ఆ గౌను మొత్తానికి ముక్కల్ని కలిపే కుట్లు ఆరే ఆరని పేపర్లో రాశారు.

ఆరు కుట్లు. ఆ మాట చెప్పడానికి పక్కకి తిరిగాను.

లేసు కింద తప్పు దాక్కుంటుంది, సాదా బట్టకి దాక్కునే చోటుండదని నాన్న అనేవాడు. ఆరు కుట్లతో ఒంటికి అలా కూర్చోబెట్టాలంటే ఎంత కోత తెలిసుండాలో నాకు తెలుసు. ఇప్పుడు ఈ అమ్మాయి అడుగుతున్నది అదే. నలభై ఏళ్ల నాటి గుమ్మడికాయల్లోంచి ఆ గీత తీయమంటోంది.

* * *

మొన్న రాత్రి షాపు మూశాక చేతులు కడుక్కుని, పంచె పరిచి, గౌను విప్పడం మొదలుపెట్టాను. నాన్న కుట్టు ఒక్కొక్కటే బ్లేడు మొనతో. ఎడమకి వాలిన కుట్టు కుడిచేత్తో విప్పడం కష్టం. బల్లకి అటు పక్కకి వెళ్లి కూర్చున్నాను, అప్పుడు వచ్చాయి. బుట్ట లోపల నాలుగు వరసల నెట్టు. మూడు వరసలు పసుపెక్కాయి, చివర వేసిన నాలుగోది ఇంకా గరుగ్గానే ఉంది. అంచున అమ్మ మల్లెపూల వరస ఒక్క పోగు తెగలేదు.

నడుము పట్టీ తిరగేశాను. ఎక్కడుంటుందో నాకు తెలుసు. పెళ్లికూతురి ఒంటి మీద పాతదొకటి, కొత్తదొకటి, అరువుదొకటి, నీలందొకటి ఉండాలని ఇంగ్లీషువాళ్ల ఆచారం. డయానా నడుము పట్టీ లోపల చిన్న నీలం రిబ్బను ముడి కుట్టారని టీచరమ్మ చదివిన రోజు నుంచి, నాన్న ప్రతి గౌనుకీ లోపల ఎడమ పక్కన నీలం దారంతో గోధుమగింజంత ముడి వేసేవాడు. ఎవరికీ చెప్పేవాడు కాదు. ఈ గౌనుకీ ఉంది. నీలం కొంచెం తెల్లబడింది.

నడుము రెండంగుళాలు వదులు చెయ్యాలి. ముడి సరిగ్గా విప్పాల్సిన కుట్టు మీదే ఉంది.

పొద్దున్నే ఆ అమ్మాయికి ఫోన్ చేసి, చేతులు విప్పేశానని, నడుము మాత్రం పక్కల్లో ముక్క వేసి వదులు చేస్తానని, పట్టీని కదపనని చెప్పాను. కాసేపు ఆగి అంది, "మా అమ్మ కూడా అదే చెప్పమంది, ఆంటీ. చేతులు తీసేసినా పర్వాలేదు, నడుము దగ్గర కత్తెర పెట్టనివ్వద్దని. ఎందుకో చెప్పలేదు."

శనివారం ట్రయల్‌కి వాళ్లమ్మని కూడా తీసుకురమ్మన్నాను. మోకాళ్ల నొప్పులట, మెట్లెక్కలేదేమో అంది. మెట్ల దగ్గరికి నేనే వస్తానన్నాను. లేసు విప్పి, ఉతికి, తువ్వాలు మీద ఆరబెట్టాను. వెయిల్ అంచుకి సరిపోతుంది.